నేల ఇంకా గడ్డకట్టే ఉంది, బేర్ రూట్ (మట్టి లేకుండా వట్టి వేర్లతో వచ్చే) ఆపిల్ మొక్కలు వచ్చేశాయి. నాటేదాకా ఎక్కడ పెట్టాలి?

పెరటిమడి (సెయింట్ పాల్, మిన్నెసోటా) · మార్చి 18

అందరికీ నమస్కారం. కొంచెం అర్జెంటుగా సలహా కావాలి. ఏప్రిల్ చివర్లో పంపండి అని ఆర్డర్‌లో రాసినా, నర్సరీ వాళ్ళు బేర్ రూట్ మొక్కల పెట్టె ఇవాళే గుమ్మం ముందు దింపించేశారు. ఆపిల్ రకాల్లో రెండు హనీక్రిస్ప్, ఒక జెస్టార్, ఇంకా ఒక కట్ట రాస్ప్‌బెర్రీ. పెరట్లో మంచు ఇంకా పోలేదు, పలుగు వేస్తే ఖంగుమంటోంది తప్ప దిగట్లేదు. రాత్రి 12 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటున్నారు.

నాకున్నవి ఇవి: ఇంటికి ఆనుకున్న గరాజ్ (హీటర్ లేదు), బేస్‌మెంట్ (ఫర్నేస్ అక్కడే, వెచ్చగా ఉంటుంది), గరాజ్‌లో పాత ఫ్రిజ్. మా అత్తయ్యగారేమో వేర్లు మునిగేలా నీళ్ళ బకెట్‌లో పెట్టు, ఊళ్ళో వరి నారు కట్టలు అలాగే కదా పెడతాం అంటున్నారు. నాటడానికి ఇంకా నెల పైనే పట్టేలా ఉంది. అన్ని రోజులు బతుకుతాయా? టెన్షన్‌గా ఉంది.

కాల్గరీఅక్క (కాల్గరీ, కెనడా) · మార్చి 18

టెన్షన్ వద్దమ్మా, నెల రోజులు హాయిగా బతుకుతాయి. నర్సరీ వాళ్ళు శరదృతువులో ఆకులు రాలాక తవ్వి, కోల్డ్ స్టోరేజ్‌లో నెలల తరబడి ఉంచినవే మనకు పంపేది. వాళ్ళు అక్కడ ఏం చేస్తారో అదే నువ్వు ఇంట్లో చెయ్యాలి: చల్లగా, చీకటిగా, వేర్లు తడిగా. 33 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బంగారం.

ఈ రాత్రే పెట్టె తెరువు. చాలామంది నాటే రోజు తెరుద్దాంలే అని అలాగే వదిలేస్తారు, లోపల కాగితం ఎండిపోయి ఉందో తడిగా ఉందో ఎవరికి తెలుసు. వేర్లు చూడు, వాసన చూడు. చుట్టిన కాగితం ఆరిపోయి ఉంటే నీళ్ళు చిలకరించు. మళ్ళీ తడి న్యూస్‌పేపర్ ముక్కలో, చెక్క రజనో వేర్ల చుట్టూ పెట్టి ప్లాస్టిక్ సంచితో కట్టెయ్యి. సంచి వేర్లకే, కొమ్మలకు వద్దు, కొమ్మలు కూడా మూసేస్తే బూజు పడుతుంది. తడి అంటే పిండిన గుడ్డంత తడి, చుక్కలు కారకూడదు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, పాపం చలికి వణుకుతాయని ఇంట్లోకి తీసుకురావద్దు. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన పెడితే రెండు వారాల్లో చిగుళ్ళు వచ్చేస్తాయి, బయట చూస్తే మంచు.

పెరటిమడి · మార్చి 18

థాంక్యూ అక్కా, తెరిచాను. కాగితం తడిగానే ఉంది. రెండు మొక్కల వేర్లు బాగున్నాయి. ఒక హనీక్రిస్ప్ మాత్రం కాగితం బయటికి జరిగిపోయి ఒకవైపు వేర్లు ఎండినట్టున్నాయి, సన్నవి తాకితే విరుగుతున్నాయి. మొగ్గలన్నీ గట్టిగా మూసుకునే ఉన్నాయి.

గరాజ్‌లో థర్మామీటర్ పెట్టాను. ఇప్పుడు తలుపు దగ్గర 27, ఇంటి గోడ వైపు 36. ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేయగలను, అందులో ఇప్పుడు ఆపిల్స్, బత్తాయిలు ఉన్నాయి.

గోదారిగట్టు (ఆన్ ఆర్బర్, మిషిగన్) · మార్చి 19

ఫ్రిజ్ వాడేటట్టయితే ఆపిల్స్ ముందు బయటికి తీసెయ్యండి. పండే పండ్ల నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది, నిద్రలో ఉన్న మొగ్గల్ని అది చంపేయగలదు. ఆపిల్, పియర్, అరటి, మూడూ వద్దు. నాలుగడుగుల ఆపిల్ మొక్కలు ఎలాగూ ఫ్రిజ్‌లో పట్టవు కాబట్టి రాస్ప్‌బెర్రీ కట్ట ఒక్కటి కింద అరలో పెట్టుకోండి, సంచి మూతి కాస్త వదులుగా.

ఆపిల్ మొక్కలకి గరాజే. ఇంటి గోడ వైపు మూలలో పెట్టండి. మామూలు పెద్ద ప్లాస్టిక్ టబ్ తీసుకుని అడుగున కన్నాలు వేసి, పెంపుడు జంతువుల షాపులో దొరికే పైన్ చెక్క రజను తడిపి పోసి, వేర్లు అందులో పూర్తిగా కప్పేసి మొక్కల్ని ఏటవాలుగా పడుకోబెట్టండి. టబ్‌ని సిమెంట్ నేల మీద నేరుగా పెట్టకుండా కింద చెక్క పలకో థర్మాకోల్ షీటో వేయండి, చుట్టూ పాత దుప్పట్లు. కారు బయటికి తీసేటప్పుడు తలుపు ఎంతసేపు తెరిచి ఉంచుతున్నారో చూసుకోండి, గరాజ్‌లో వేడి మారిపోయేది దాంతోనే.

ఇంకోటి ఎలుకలు. చలికాలం గరాజ్‌లో తిండి ఉండదు వాటికి, లేత బెరడు చుట్టూ గీకేశాయంటే ఆ మొక్క పోయినట్టే. ఇనుప మెష్ ఒక చుట్టు చుట్టండి.

నారుమడి (షాంపేన్, ఇల్లినాయ్) · మార్చి 19

బాపట్లలో వ్యవసాయం చదివినవాణ్ణి కాబట్టి అత్తయ్యగారి మాట దగ్గర ఆగిపోయాను. ఆవిడ చెప్పింది వరికి నూటికి నూరుపాళ్ళు నిజం. వరి వేరులో గాలి వెళ్ళే సన్నటి గొట్టాలుంటాయి, ఆకుల నుంచి కిందికి ఆక్సిజన్ దిగుతుంది, అందుకే నీళ్ళలో నిలబడుతుంది. ఆపిల్ వేరుకి ఆ ఏర్పాటు లేదు. నిలవ నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతే వేరు ఊపిరాడక కుళ్ళిపోతుంది. అందుకే నాటే ముందు నానబెట్టడం మంచిదే గానీ గంటో రెండు గంటలో చాలు, ఎంత ఎండినవైనా రాత్రంతా, 24 గంటలు దాటనివ్వొద్దు. నెల రోజుల నిలవకి బకెట్ నీళ్ళు పనికిరావు.

రెండో సంగతి. హనీక్రిస్ప్ మీ మిన్నెసోటా యూనివర్సిటీ 1991లో విడుదల చేసిన రకం, మీ చలికి సరిపోతుంది అని అందరం అంటాం. కానీ ఆ తట్టుకునే శక్తి కొమ్మలది. అమెరికా చలి పటంలో జోన్ 4 అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున మైనస్ 20 నుంచి మైనస్ 30 డిగ్రీల ఫారెన్‌హీట్, కాండం దాన్ని భరిస్తుంది. వేరుకి అంత చలి ఎప్పుడూ తగలదు, మట్టి, పైన మంచు దాన్ని కాపాడుతుంటాయి. మట్టి తీసేసి గాల్లో పెట్టిన వేరు 20 డిగ్రీల దగ్గరే దెబ్బతినొచ్చు. కాబట్టి గరాజ్ తలుపు దగ్గర 27 అంటే నాకు నచ్చలేదు, గోడ వైపు 36 అంటే సంతోషం. థర్మామీటర్ గాల్లో వేలాడదీయకుండా రజనులో వేర్ల పక్కనే గుచ్చండి, మనకు కావలసిన సంఖ్య అదే.

నా లెక్కలో బేర్ రూట్ మొక్కల్ని చలికన్నా ఎక్కువగా చంపేది ఆరిపోవడమే. పీచు వేళ్ళు ఎండలో, గాలిలో నిమిషాల్లో ఎండిపోతాయి. గరాజ్‌లో పని చేసుకుంటూ మొక్కల్ని నేల మీద పరిచి ఫోటోలు తీసుకోకండి దయచేసి. ఏ పని చేసినా వేర్ల మీద తడి గోనెసంచి ఉండాలి.

మంచుబాట (మాడిసన్, విస్కాన్సిన్) · మార్చి 19

నేను వేరే దారి చెప్తాను. నెల పైన అంటున్నారు కాబట్టి కుండీల్లో పెట్టేయండి. పది గ్యాలన్ల కుండీ, మామూలు పాటింగ్ మిక్స్ (కుండీల్లో వేసే మట్టి), నీళ్ళు పోసి అదే గరాజ్ మూలలో. వేర్లకి ఉండాల్సిన చోటు మట్టి, రజను కాదు. తడి ఉందో లేదో రోజూ సంచి విప్పి చూసే బాధ కూడా తప్పుతుంది.

కాల్గరీఅక్క · మార్చి 19

కుండీ తప్పు కాదు, కానీ నాకు అంత ఇష్టం లేదు. మట్టిలో వేడి కొంచెం పెరిగితే కొత్త తెల్ల వేళ్ళు వస్తాయి, తర్వాత నేలలోకి మార్చేటప్పుడు మట్టి రాలి అవే విరుగుతాయి. గరాజ్‌లో 45 దాటిందనుకో, ఆకులూ వస్తాయి, వెలుతురు ఉండదు, ఆ పాలిపోయిన ఆకుల్ని మేలో బయట పెడితే ఒక్క రాత్రి మంచుకి మాడిపోతాయి. నిద్రపోతున్న మొక్క నాటిన మర్నాడు మంచు కురిసినా పట్టించుకోదు.

మంచుబాట · మార్చి 20

ఒప్పుకుంటాను అక్కా, చల్లగా ఉంచగలిగితేనే కుండీ. కానీ నిలవ ఆరు వారాలు దాటే పరిస్థితి ఉంటే సంచిలో బూజు భయం ఎక్కువ, అప్పుడు మాత్రం నా ఓటు కుండీకే. ఒకవేళ కుండీలో ఆకులు వచ్చేసినా మునిగిపోయింది లేదు. ఆఖరి ఫ్రాస్ట్ (రాత్రి మంచు పట్టే) తేదీ దాటేదాకా ఆగి, పగలు కాసేపు బయట నీడలో, రాత్రి లోపల, అలా అలవాటు చేసి మట్టి ముద్ద కదలకుండా నాటుకోవచ్చు. కుండీ మొక్కలాగే అనుకోవాలి దాన్ని ఇక.

సోలన్_కొండగాలి (సోలన్, హిమాచల్ ప్రదేశ్) · మార్చి 20

మాది కర్నూలు, ఉద్యోగం మీద ఇక్కడున్నాను, చుట్టూ ఆపిల్ తోటలవాళ్ళే. ఇక్కడ ఆపిల్ మొక్కలు అమ్మేదీ నాటేదీ డిసెంబర్ నుంచి మార్చి దాకా బేర్ రూట్‌గానే, కాబట్టి మీకు కొత్తగా అనిపిస్తున్న ఈ సమస్య పై ఊళ్ళవాళ్ళకి ప్రతి ఏడూ ఉండేదే. మొక్కలు తెచ్చుకున్నాక మంచు పడిపోతే కట్టలు విప్పి, నీడ వైపు ముందే తవ్విన కందకంలో ఏటవాలుగా వరసగా పేర్చి, వేర్లు పైదాకా తడి మట్టితో కప్పి కాలితో తొక్కుతారు. తొక్కడం ముఖ్యం, మధ్యలో గాలి బొక్కలుంటే అక్కడి వేర్లు ఎండుతాయి. కట్టతో సహా పాతేస్తే నడిమధ్య మొక్కలకి మట్టే తగలదు, అందుకే విప్పేది.

దాని మీద మంచు పడితే ఇంకా మంచిదంటారు, కింద మట్టి అంత తొందరగా గడ్డకట్టదు. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్ అనే గట్టి చలి, అప్పుడు ఎవరూ గునపం ముట్టరు, నాటేది ఫిబ్రవరి చివర, మార్చిలో. గుంతలు మాత్రం మంచు రాకముందే తవ్వేసి పెట్టుకుంటారు. మీరు వచ్చే ఏడు ఇది చేయొచ్చు. నవంబర్‌లోనే గుంత తవ్వి, ఆ మట్టిని టబ్బుల్లో గరాజ్‌లో పెట్టుకుంటే, చుట్టూ నేల కరిగేసరికి పొడి మట్టి చేతిలో ఉంటుంది.

పెరటిమడి · మార్చి 20

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. గోదారి అన్న చెప్పినట్టు టబ్, పైన్ రజను, మెష్ అయిపోయాయి. రాస్ప్‌బెర్రీ ఫ్రిజ్‌లోకి, ఆపిల్స్ వంటింట్లోకి. వేర్ల దగ్గర 37 చూపిస్తోంది.

కొండగాలి గారు చెప్పిన కందకం ఆలోచన బాగుంది. దక్షిణం గోడ పక్కన ఎత్తు మడి ఒకటుంది, అక్కడ మట్టి పైపైన మెత్తబడింది. అందులో పాతిపెట్టనా?

గోదారిగట్టు · మార్చి 20

వద్దు. దక్షిణం గోడ అంటే మధ్యాహ్నం ఎండంతా అక్కడే కాస్తుంది, మొగ్గలు ముందే లేస్తాయి, రాత్రి మళ్ళీ గడ్డ. తాత్కాలికంగా పాతాలంటే ఉత్తరం వైపు లేదా తూర్పు నీడ. మీ దగ్గర నేల ఎంత లోతు గడ్డకడుతుందంటే ఇళ్ళ పునాదులకే దక్షిణ మిన్నెసోటాలో 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు నియమం పెట్టారు. ఇప్పుడు నీడ వైపు తవ్వడం మీ వల్ల కాదు. శరదృతువులో పోగేసిన ఆకుల గుట్ట ఏదైనా ఉంటే దాని కింద చూడండి, అక్కడ మట్టి మెత్తగా దొరికే అవకాశం ఉంది. లేకపోతే టబ్‌లోనే ఉండనివ్వండి, అది కూడా కందకమే.

వేడి కంపోస్ట్ గుట్టలో మాత్రం పెట్టకండి. లోపల ఉడుకుతుంటుంది, వేర్లు ఉడికిపోతాయి.

మెదక్_మట్టి (మెదక్, తెలంగాణ) · మార్చి 21

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా దగ్గర నేల గడ్డకట్టే ముచ్చటే లేదు గానీ మా బాబాయి జనవరిలో హిమాచల్ నుంచి హెచ్ఆర్ఎంఎన్-99 ఆపిల్ మొక్కలు కొరియర్‌లో తెప్పించిండు. ఇట్లనే వట్టి వేర్లతోటి వచ్చినయి. గుంతలు తయారు లేకపోతే మేమెట్ల నిలవ పెట్టాలె? వచ్చే ఏడు ఇంకొన్ని తెప్పిస్తా అంటున్నడు.

సోలన్_కొండగాలి · మార్చి 21

బాబాయికి చెప్పండి, అక్కడ నిలవ అనే మాటే పెట్టుకోవద్దని. అది తక్కువ చలితో సరిపెట్టుకునే రకం, మన దగ్గర పగటి వేడి తగిలిందంటే రోజుల్లోనే మొగ్గ పగులుతుంది. గుంతలు ముందే తవ్వించి, మొక్కలు చేతికొచ్చిన రోజే రెండు గంటలు నానబెట్టి సాయంత్రం పూట నాటేయాలి. ఏదైనా అడ్డం వచ్చి రెండు మూడు రోజులు ఆగాల్సి వస్తే తడి గోనెలో చుట్టి ఇంట్లో అన్నిటికన్నా చల్లని చీకటి గదిలో పెట్టండి, లేదంటే నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపి అందులో నాటి చెట్టు నీడన ఉంచండి. మీకు శత్రువు ఎండ, వాళ్ళకి శత్రువు గడ్డ, వేరు ఆరకూడదన్నది ఇద్దరికీ ఒకటే.

ఉత్తరగాలి (డులూత్, మిన్నెసోటా) · మార్చి 29

చిన్న ప్రశ్న. మా కౌంటీ నేల, నీటి సంరక్షణ విభాగం వాళ్ళు వసంతంలో అమ్మే స్ప్రూస్ (సూది ఆకుల చెట్టు) నారు కట్ట ఒకటి బుక్ చేశాను, పాతిక మొక్కలు. వాటినీ ఇలాగే నెల ఉంచొచ్చా?

నారుమడి · మార్చి 29

వాటిని అంత నమ్మకండి. ఆపిల్‌కి ఆకులు లేవు కాబట్టి నీళ్ళ ఖర్చు తక్కువ, స్ప్రూస్‌కి సూది ఆకులున్నాయి, నిలవలో కూడా తేమ కోల్పోతూనే ఉంటుంది. వేర్లు తడిగా, సూదులు పొడిగా, ఫ్రిజ్‌లో కొన్ని రోజులు. ఇచ్చిన వారంలోపే నాటేలా చూసుకోండి. వాళ్ళు ఎలాగూ నేల కరిగాకే పంచుతారు.

పెరటిమడి · ఏప్రిల్ 9

అప్‌డేట్ ఇస్తున్నాను. మొన్న రెండు రోజులు బయట 60 దాటింది, గరాజ్‌లో 48. జెస్టార్ మొగ్గలు కాస్త ఉబ్బి కొనల్లో బూడిద రంగు మెరుస్తోంది. రజనులో ఒకచోట తెల్లటి బూజు కనిపించింది. నాటాల్సిన చోట మల్చ్ (నేల మీద కప్పిన పొర) అంతా పక్కకి లాగేసి నల్ల ప్లాస్టిక్ షీట్ పరిచి ఉంచాను, పైన ఎనిమిది అంగుళాలు మెత్తబడింది, దాని కింద ఇంకా గట్టిగా తగులుతోంది. గుంత తవ్వితే నీళ్ళు నిలుస్తున్నాయి. నాటేయనా, ఆగనా?

నారుమడి · ఏప్రిల్ 9

ఆగండి. కింద గడ్డ పొర నీళ్ళని కిందికి పోనివ్వట్లేదు. ఇప్పుడు నాటితే అత్తయ్యగారి బకెట్‌లో పెట్టినట్టే అవుతుంది. గుంతలో నీళ్ళు ఇంకిపోయాక, పిడికెడు మట్టి పిండితే ముద్దగా నిలవక పొడిపొడిగా విరిగినప్పుడు నాటండి. షీట్ అలాగే ఉంచండి, మల్చ్ మళ్ళీ కప్పకండి. మల్చ్ శీతాకాలంలో చలిని ఆపినట్టే ఇప్పుడు ఎండనీ ఆపుతుంది.

మొగ్గ ఉబ్బితే ఫర్వాలేదు, పచ్చ ఆకు బయటపడేదాకా సమయం ఉంది. పగలు గరాజ్ తలుపు మూసి ఉంచండి, రాత్రి బయట 35 ఉంటే తెరిచి చల్లగాలి రానివ్వండి. బూజు పట్టిన రజను తీసి పారేసి, ఆ వేర్లు కడిగి కొత్త రజను వేయండి. పైపై తెల్ల బూజుతో మొక్క చావదు, వేరు మెత్తగా నల్లబడి వాసన వస్తేనే ఆ ముక్క కోసేయాలి.

మంచుబాట · ఏప్రిల్ 10

టబ్ పక్కన నీళ్ళు గడ్డకట్టించిన సీసాలు పెట్టి మార్చుతూ ఉండండి, వేడి రోజుల్లో బాగా పనిచేస్తుంది. సీసాలు వేర్లకి తగలకుండా టబ్ బయటే.

పెరటిమడి · ఏప్రిల్ 22

నీళ్ళు ఇంకాయి, మట్టి పిండి చూశాను, విరుగుతోంది. రేపు నాటేస్తాను. ఆ ఎండిన హనీక్రిస్ప్ సంగతి తేలలేదు. మొగ్గల్లో కదలిక లేదు.

కాల్గరీఅక్క · ఏప్రిల్ 22

గోటితో కాండం మీద చిన్నగా గీకి చూడు. బెరడు కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణముంది, గోధుమ రంగులో పొడిగా ఉంటే కొంచెం కిందికి వచ్చి మళ్ళీ గీకు. అంటు కట్టిన ముడి పైన ఎక్కడో ఒకచోట పచ్చదనం ఉంటే నాటేయ్. ముడి కింద మాత్రమే పచ్చగా ఉంటే హనీక్రిస్ప్ పోయినట్టే, వచ్చే చిగురు వేరు మొక్కది అవుతుంది.

దాన్ని ఈ రాత్రి నుంచే నానబెట్టు, మిగతావాటికి రేపు పొద్దున రెండు గంటలు. విరిగిన వేళ్ళు శుభ్రంగా కత్తిరించు, బాగున్న పొడుగు వేరుని గుంతలో పట్టలేదని కోయకు, గుంతే వెడల్పు చెయ్యి. అంటు ముడి నేలకి రెండు మూడు అంగుళాలు పైనుండాలి. గుంతలో ఎరువు వద్దు. మట్టి సగం నింపాక నీళ్ళు పోసి గాలి బొక్కలు పోయాక మిగతా సగం. కుందేళ్ళకి మెష్ ఉంది కదా, అదే కాండానికి తగలకుండా చుట్టు.

పెరటిమడి · ఏప్రిల్ 23

నాటాను. ఎండిన దానికి కింది సగంలో పచ్చ ఉంది, ముడికి అడుగు పైదాకా. జెస్టార్ కొనల్లో పచ్చదనం కనిపించడం మొదలైంది, సమయానికే పడింది. శుక్రవారం రాత్రి 27కి దిగుతుందంటున్నారు, కప్పాలా?

గోదారిగట్టు · ఏప్రిల్ 23

కప్పక్కర్లేదు. ఆకు విచ్చలేదు కాబట్టి 27కి ఏమీ కాదు, వేర్లు ఇప్పుడు నేలలో ఉన్నాయి. ఆ సగం ఎండిన మొక్క పైభాగం పచ్చ ఉన్నచోటికి, ఒక మంచి మొగ్గ పైన కత్తిరించండి. జూన్ దాకా చూడండి, ఆలస్యంగా లేచే మొక్కలు ఉంటాయి. ఈలోగా పెట్టె మీది తేదీ, ఎండిన వేర్ల ఫోటో, గీకినచోటు ఫోటో నర్సరీకి ఇవాళే మెయిల్ పెట్టేయండి, మీరు ఏప్రిల్ చివర అని అడిగినట్టు ఆర్డర్ కాపీ కూడా జతచేయండి. చాలా నర్సరీలు మొదటి సీజన్‌లో చిగురించకపోతే వేరే మొక్క ఇస్తాయి, కానీ గడువు దాటితే వినరు.

పెరటిమడి · ఏప్రిల్ 23

మెయిల్ ఇప్పుడే పెట్టేశాను. రాస్ప్‌బెర్రీ కట్ట ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, శనివారం వాటి వంతు. ఎంత లోతు?

కాల్గరీఅక్క · ఏప్రిల్ 24

వేరు, కాడ కలిసే చోట పాత మట్టి గుర్తు కనిపిస్తుంది చూడు, దానికి ఒక అంగుళం కిందికి, అంతకన్నా లోతు వద్దు. మొక్కకీ మొక్కకీ రెండడుగులు.